బిడ్డను నిలబెట్టే కణాలకు హంతకులనే పేరు

సంపాదకులు గారికి,

నమస్కారం. రెండు వారాల కిందట ఆదివారం పూట మా తమ్ముడి కూతురు ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గాజువాకలో మా ఇళ్ల మధ్య రెండు వీధులే దూరం. పిల్లకు పెళ్లయి నాలుగేళ్లయింది. రెండుసార్లు కడుపు పోయింది, రెండుసార్లూ మూడో నెల దాటకుండానే. ఫైల్లోంచి ఒక రిపోర్టు తీసి నా ముందు పెట్టింది. "ఎన్‌కే కణాలు 17 శాతం" అన్న చోట ఎర్ర పెన్నుతో రెండు చుట్లు చుట్టి ఉంది. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్, ఒక రకం తెల్ల రక్తకణాలు.

"అత్తా, నువ్వు పాఠాలు చెప్పినదానివి గదా. ఈ కిల్లర్ కణాలు తగ్గాలంటే ఏం తినకూడదో చెప్పు" అంది. అప్పటికే గుడ్లూ చేపలూ మానేసింది. ఇమ్యూనిటీ పెంచేవి తింటే ఇవి ఇంకా పెరుగుతాయని ఎవరో చెప్పారట. వాళ్ల అత్తగారు చెడ్డ మనిషేం కాదు. కానీ ఆ రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి "బిడ్డల్ని చంపేది నీ ఒంట్లోనే ఉందంట గదమ్మా" అని వచ్చినవాళ్లందరి ముందూ అంటోందట.

ఆ మాట తప్పు. అది తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

జూనియర్ కాలేజీలో చాలా ఏళ్లు జువాలజీ చెప్పాను. "సహజ హంతక కణాలు" అని బోర్డు మీద నా చేత్తో నేనే రాశాను. 1975లో స్టాక్‌హోంలోని కరోలిన్‌స్కా సంస్థలో రోల్ఫ్ కీస్లింగ్, ఎవా క్లైన్, హాన్స్ విగ్జెల్, అమెరికాలో రొనాల్డ్ హెర్బర్‌మన్ బృందం విడివిడిగా వీటిని గుర్తించారు. ముందు ఏ టీకా, ఏ పరిచయం లేకుండానే ఎలుకల్లోని కొన్ని తెల్ల రక్తకణాలు క్యాన్సర్ కణాలను చంపడం చూసి ఆ పేరు పెట్టారు. పేరు పుట్టింది క్యాన్సర్ దగ్గర. దాన్ని తెచ్చి గర్భిణి మెడకు చుట్టడం న్యాయం కాదు.

ఇవి ఎలా పనిచేస్తాయో మన ఊరి లెక్కలో చెబుతాను. స్టీల్‌ప్లాంట్ గేటు దగ్గర నిలబడ్డ జవాను దగ్గర దొంగలందరి ఫొటోలూ ఉండవు. వచ్చినవాడి పాస్ చూస్తాడు. ఉంటే లోపలికి, లేకపోతే పక్కకి. మన ఒంట్లో దాదాపు ప్రతి కణమూ తన పైపొర మీద అలాంటి పాస్ ఒకటి పెట్టుకుని ఉంటుంది. దాన్ని హెచ్ఎల్ఏ అంటారు. లోపల వైరస్ ఉంటే దాని ముక్కను పైకి పెట్టి చూపించేదీ ఆ పాసే, టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాలు దొంగను పట్టేదీ దాన్ని చూసే. అందుకే కొన్ని వైరస్‌లు, కొన్ని క్యాన్సర్ కణాలు ఆ పాస్‌నే దాచేస్తాయి. టి కణాలను అలా తప్పించుకుంటాయి గానీ ఎన్‌కే కణాలకు దొరికిపోతాయి. ఉండాల్సిన గుర్తు లేకపోవడమే వీటికి అనుమానం. స్వీడన్ శాస్త్రవేత్త క్లాస్ కార్రె ఆలోచన ఇది. ఆయన, సహచరులు 1986లో ప్రయోగంతో చూపించారు.

పాస్ లేనంత మాత్రాన కొట్టేయవు కూడా. ఆ కణం నుంచి ఆపద సంకేతాలు కూడా రావాలి. మన ఎర్ర రక్తకణాల మీద ఆ పాస్ ఇంచుమించు ఉండదు, అయినా ఎన్‌కే కణాలు వాటి జోలికి పోవు. ఇది చెప్పినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తి చూసేవారు. కొట్టు అనే సంకేతాలనూ ఆగు అనే సంకేతాలనూ తూచి, అనుమానం తీరాకే దిగుతాయి. పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో చిల్లు పెట్టి, గ్రాన్‌జైమ్ అనే ఎంజైములను లోపలికి పంపిస్తాయి. ఆ కణం తనంతట తానే ముక్కలై పోతుంది. టి కణాలు కొత్త శత్రువు మీదికి సిద్ధం కావడానికి రోజులు పడుతుంది. ఆ లోగా కాపు కాసేవాటిలో ఇవి ముఖ్యమైనవి. ఇవి బొత్తిగా లేని ఒక అమ్మాయిని హెర్పిస్ జాతి వైరస్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఎంత తీవ్రంగా పట్టి పీడించాయో అమెరికా వైద్యులు 1989లో ప్రచురించారు. అలాంటి కాపలాను తగ్గించుకోవాలని మా పిల్ల గుడ్డు మానేసింది.

ఇక గర్భసంచి సంగతి. గర్భం నిలిచిన తొలి నెలల్లో లోపలి పొరలో ఉండే తెల్ల రక్తకణాల్లో సుమారు 70 శాతం ఎన్‌కే కణాలే. అంటే ప్రతి తల్లికీ, నిండు నెలలు మోసిన తల్లికి కూడా, అక్కడ ఇవి కిక్కిరిసి ఉంటాయి. పేరు అదే గానీ రక్తంలో తిరిగే వాటికీ వీటికీ తేడా ఉంది, ఇవి చంపే పని పెద్దగా చెయ్యవు. మాయ నుంచి వచ్చే కణాలు తల్లి రక్తనాళాల గోడలను మెత్తబరిచి వెడల్పు చేయాలి. అప్పుడే బిడ్డకు రక్తం ధారాళంగా అందుతుంది. ఆ మరమ్మతులో ఈ ఎన్‌కే కణాలు సాయం పడతాయి. మాయ కణాలు కూడా హెచ్ఎల్ఏ-జి అనే తమ పాస్ వేరేగా పెట్టుకుని వస్తాయి. కేంబ్రిడ్జిలో ఆష్లీ మాఫెట్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధన చూడండి. తల్లి ఎన్‌కే కణాలను బాగా అణిచిపెట్టే జన్యువుల కలయిక ఉన్నప్పుడే, గర్భిణికి బీపీ పెరిగి ప్రాణం మీదికి తెచ్చే జబ్బు ఎక్కువగా కనిపించింది. అంటే ఇవి మందగిస్తేనే ప్రమాదమన్న మాట.

మరి ఆ 17 ఏమిటి? అది చేతి నరం నుంచి తీసిన రక్తంలోని లెక్క. గర్భసంచిలో ఏం జరుగుతోందో అది చెప్పదు. రక్తంలోని లింఫోసైట్లలో (తెల్ల రక్తకణాల్లో ఒక వర్గం) ఎన్‌కే కణాలు మామూలుగా 5 నుంచి 15 శాతం ఉంటాయంటారు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే కొందరికి అంతకన్నా ఎక్కువ ఉంటాయి. పైగా ఆయాసపడినా, భయపడినా నిమిషాల్లో రక్తంలో వీటి సంఖ్య పెరుగుతుంది. ఆ రోజు మా పిల్ల బస్సులో ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నిలబడే వెళ్లింది. అక్కడి నుంచి ఎండలో నడిచి, లిఫ్టు పనిచేయక నాలుగు అంతస్తులు ఎక్కి, ఆయాసం తీరకముందే చేయి చాపింది. సూదంటే దానికి చిన్నప్పటి నుంచీ టెన్షన్. ఆ అంకె చుట్టూ ఎర్ర పెన్ను తిప్పిన మనిషి ఇవేవీ అడగలేదు.

యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం, ఈష్రే, పదేపదే గర్భస్రావమయ్యే వారికి చేసిన మార్గదర్శకాల్లో ఎన్‌కే పరీక్షను సిఫారసు చేయడానికి చాలినంత ఆధారం లేదనే రాసింది. ఈ కణాలను అణచడానికని ఎక్కించే ఇంట్రాలిపిడ్ డ్రిప్ గురించి కూడా అదే మాట. అది సోయా నూనె, గుడ్డు సొనలోని కొవ్వులతో చేసే ద్రవం, నోటితో తినలేని రోగులకు ఆహారంగా ఎక్కిస్తారు. పాలలా తెల్లగా ఉంటుంది కాబట్టి చూసినవాళ్లకు బలం ఎక్కుతున్నట్టే అనిపిస్తుంది. మా పిల్లకు కూడా అదే ఎక్కించాలన్నారు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల తేడా వల్లే పోతాయి, అందులో తల్లి చేసిన తప్పేమీ ఉండదు. రక్తం గడ్డకట్టేలా చేసే ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, థైరాయిడ్, గర్భసంచి ఆకారం, ఇలాంటి పరీక్షలకు అర్థం ఉంది. అందులో మా పిల్లకు ఒక్క థైరాయిడే చేశారు.

ఈ ఉత్తరం చదివి ఎవరూ వాడుతున్న మందులు సొంతంగా ఆపేయొద్దని వేడుకుంటున్నాను. ఈ కణాలను అణచడానికని కొందరికి ఇచ్చే స్టెరాయిడ్ అసలే ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టర్ని అడగండి.

2021లో వచ్చిన సంతాన సాఫల్య చట్టం ప్రకారం ఐవీఎఫ్ కేంద్రాలు దంపతులకు చికిత్స లాభనష్టాలు, ఖర్చు ముందే వివరించాలి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి, ఫిర్యాదుల విభాగం నడపాలి. ఆ వివరణ తెలుగులో, ఇంటికి తీసుకెళ్లి చదువుకునే కాగితం మీద ఉండాలని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ పట్టుబట్టాలి. ఎన్‌కే లాంటి పరీక్ష రాసినప్పుడు "ఈ అంకె వల్ల మీ చికిత్సలో ఏం మారుతుంది, దానికి ఆధారం ఏమిటి" అన్న రెండు ప్రశ్నలకు జవాబు ఆ కాగితం మీదే ఉండాలి.

మీకూ ఒక మనవి. మీ ఆరోగ్యం పేజీలో ఇకమీదట వీటిని హంతక కణాలని రాయకండి. "కాపలా కణాలు" అనండి, లేకపోతే ఎన్‌కే కణాలని వదిలేయండి. ఈ ఉత్తరం వేస్తే దయచేసి ఆదివారం వేయండి, మా వియ్యపురాలు ఆ రోజే పేపరు తీరిగ్గా చదువుతుంది.

ఇట్లు,
విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు,
గాజువాక, విశాఖపట్నం