విమానం ఎగరేయడం కార్తీకంలో నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు రాగానే పిల్లలకు రేడియో కంట్రోల్ విమానాల మీద మనసు పోతుంది. మోటారు, రిమోట్ తెప్పించుకుని, కోరో షీట్ (గాడులున్న ప్లాస్టిక్ అట్ట) కోసి అతికించి సిద్ధం చేసేసరికి జూన్ వచ్చేస్తుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఆషాఢ గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఆ గాలిని చూసే కదా! మొదటిసారి రిమోట్ పట్టిన పిల్లవాడి విమానం నిమిషంలో నేలకు కొట్టుకుంటుంది. 'నాకు రాదులే' అని వాడు దాన్ని అటకెక్కిస్తాడు.

అది ఎందుకు పడుతుందో పెద్దలకు తెలియాలి. కొత్తవారికి తగిన విమానం పైరెక్కది, అంటే రెక్క ఒంటికి పైన అమర్చినది. రెక్క పొడవు మీటరు నుంచి మీటరుంపావు, బరువు బ్యాటరీతో కలిపి 700–800 గ్రాములు. గాలిలో అది గంటకు 35 కిలోమీటర్లతో పోతుందనుకోండి. ఎదురుగాలి 25 ఉంటే కింద నుంచి చూసేవారికి 10 కిలోమీటర్ల వేగమే కనబడుతుంది, దాదాపు నిలబడిపోయినట్టు. మలుపు తిరిగి గాలివాలుకు రాగానే అదే విమానం 60తో దూసుకుపోతున్నట్టు ఉంటుంది. రెక్కకు తగిలే గాలి మాత్రం అప్పుడూ 35 కిలోమీటర్లదే. ఇది తెలియని పిల్లవాడు కంగారుపడి థ్రాటిల్ (మోటారు వేగం) తగ్గిస్తాడు, ఎలివేటర్ (తోక వెనుక కదిలే రెక్క) స్టిక్ లాగుతాడు. గాలి రెక్కను మోయడం మానేస్తుంది, దీన్నే స్టాల్ అంటారు. విమానం ఒక పక్కకు వాలి, ముక్కు కిందికి పెట్టి గిరగిర తిరుగుతూ పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. ఎలివేటర్ వదిలి థ్రాటిల్ పెంచితే తేరుకుంటుంది. కానీ అందుకు 30–40 మీటర్ల ఎత్తు ఉండాలి, చేతికి అలవాటూ ఉండాలి. హోరుగాలిలో ఆ అలవాటు రాదు.

పైగా జూన్, జూలైలో చేలన్నీ విత్తి ఉంటాయి. విమానం వెతుక్కుంటూ మొలక తొక్కితే రైతు ఊరుకుంటాడా, ఊరుకోవాలా? కార్తీకం నాటికి చెనిక్కాయ పీకిన ఎర్రనేల ఖాళీగా, మెత్తగా ఉంటుంది. చక్రాలు లేని విమానం పొట్ట మీద దిగినా చెక్కుచెదరదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపు చెట్ల ఆకులు కదలని వేళ చూసుకుని ఎగరేయాలి. చేను గలాయనను ముందు అడగాలి.

అంతవరకు వానాకాలమంతా తయారీకి, కంప్యూటర్‌లో సిమ్యులేటర్ సాధనకు వాడుకోవచ్చు. కనీసం పది గంటల సాధన అవసరం. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, కొత్తవారు ఎక్కువగా తడబడేది అక్కడే. మనకు ఏ పక్క రెక్క కిందికి కనబడితే స్టిక్ ఆ పక్కకే నెట్టాలి, రెక్క లేస్తుంది.

సామాను విషయంలో ఆడంబరం వద్దు. 1000 కేవీ (వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు) ఏ2212 రకం మోటారు, 10×4.5 అంగుళాల ప్రొపెల్లర్, 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపుచేసే పరికరం), 9 గ్రాముల సర్వోలు (తోక రెక్కలను కదిపే చిన్న మోటార్లు) రెండు, మూడు సెల్లుల 2200 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ చాలు. బ్యాటరీ లోపల పెట్టాక, రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లయితే ముందు అంచు నుంచి 5–6 సెంటీమీటర్ల దగ్గర విమానాన్ని రెండు వేళ్ల మీద నిలపాలి. ముక్కు కాస్త వంగితే మంచిదే. తోక వాలితే బ్యాటరీని ముందుకు జరపాలి, అలాగే ఎగరేస్తే తిరిగి చేతికి రాదు. ఎలివేటర్ స్టిక్ మన వైపు లాగితే వెనుక రెక్క పైకి లేవాలి. సర్వో తిరగబడి ఉండటం చాలామంది విసిరాకే గమనిస్తారు. ఈ పరీక్షలన్నీ ప్రొపెల్లర్ తీసేసి చేయాలి, అది వేళ్లు కోసేస్తుంది. విసిరేటప్పుడు గాలికి ఎదురుగా, ముప్పాతిక థ్రాటిల్‌తో, నేలకు సమాంతరంగా విసరాలి. ముక్కు పైకెత్తి విసరకూడదు.

లైపో బ్యాటరీని నాపరాతి బండ మీద పెట్టి, బ్యాలెన్స్ ఛార్జర్‌తో (సెల్లులన్నిటినీ సమంగా నింపేది), 2.2 ఆంపియర్లకు మించకుండా, మనిషి దగ్గరుండి ఛార్జ్ చేయాలి. సెల్లుకు 4.2 వోల్టులు దాటకూడదు, దాచేటప్పుడు 3.8 ఉంచాలి. మన ఎండల్లో కారులో వదిలేయడం ప్రమాదం. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకూడదు.

బోరు మోటార్ల కరెంటు తీగలున్న చోటు వద్దే వద్దు. విమానం తీగకు చిక్కితే కట్టెతో లాగొద్దు, లైన్‌మన్‌ను పిలవండి.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) 400 అడుగులు, విమానాశ్రయ ప్రహరీకి 8–12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు ఎత్తుకు హద్దు. ఓర్వకల్లు, కడప, పుట్టపర్తి విమానాశ్రయాల చుట్టుపక్కల వారు డిజిటల్ స్కై (డ్రోన్ల ప్రభుత్వ వెబ్‌సైట్) మ్యాప్ తప్పక చూసుకోవాలి.

ఏరోమోడలింగ్ శిబిరాలు పెట్టే బడులు, కళాశాలలు మే నెల వదిలి దసరా సెలవుల్లో మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. పెద్ద మైదానాలున్న కళాశాలలు కార్తీకం నుంచి మాఘం వరకు ఆదివారం పొద్దున రెండు గంటలు పిల్లలకు వదిలితే చాలు.

– ఏరోమోడలింగ్ శిక్షకులు, అనంతపురం