సీనాకు ఉత్తరం: ఈసారి వజ్రం కథ

కర్నూలు

ఒరేయ్ సీనా,

ఎలా ఉన్నావు? ఇంట్లో అందరూ బాగున్నారా? నీ ఉత్తరం వచ్చి రెండు వారాలైంది. చేతిలో ఉన్న అగాథా క్రిస్టీ డిటెక్టివ్ నవల అయిపోయాక రాద్దామని ఆగాను.

నిన్న రాత్రి అయిపోయిందిరా, రోజర్ ఆక్రాయిడ్ హత్య కథ. 1926 నాటిది. హంతకుడెవరో తెలిసిన వెంటనే మళ్లీ మొదటి పేజీకి పోయాను. ఎక్కడా దాచలేదు ఆమె! అన్నీ మన కళ్ల ముందే పెట్టింది, మనమే పట్టించుకోలేదు. డిటెక్టివ్ నవలంటే నాకు కావాల్సింది అదే. ఆఖర్లో ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ని లాక్కొచ్చి వీడే చంపాడంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆమెదే ఇంకో నవల, ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ మాత్రం నాకు దక్కలేదు. లైబ్రరీ నుంచి తెచ్చుకుంటే, మూడో అధ్యాయం పక్కనే ఎవరో పెన్సిల్‌తో ముగింపు రాసిపెట్టారు. రబ్బరుతో చెరిపాను. పేజీ మీద పోయింది గానీ నా తలలోంచి పోలేదు. చాలా బాధేసిందిరా. సగంలోనే తిరిగిచ్చేశాను.

తర్వాత ఏం చదవాలంటే నువ్వు షెర్లాక్ హోమ్స్ కథలు అన్నావు. మంచిదే, కానీ స్కూల్లో ఉన్నప్పుడే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌తో పాటు హోమ్స్‌నూ అద్దెకు తెచ్చుకుని సగం చదివేశాం కదా. నేను విల్కీ కాలిన్స్ రాసిన 'మూన్‌స్టోన్' మొదలుపెట్టాను. 1868 నాటిది, హోమ్స్ పుట్టడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందుది.

అందులో పోయేది ఒక పసుపు వజ్రం, చంద్రుడి విగ్రహం నుదుట ఉండినది. 1799లో టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కిన రోజు ఒక ఇంగ్లీషు సైనికాధికారి దాన్ని కాజేస్తాడు. ఆ మరుసటేడే కదా నిజాం మన సీమను కుంపిణీకి రాసిచ్చింది! 1848లో ఇంగ్లండులో ఒక అమ్మాయికి పుట్టినరోజున ఆ వజ్రం అందుతుంది. ఆ రాత్రే మాయం. ఆనవాలల్లా, కొత్తగా రంగు వేసిన తలుపు మీద చెదిరిన చిన్న మరక. ఎవరి బట్టకు ఆ రంగు అంటిందో తేలాలి. కేసు పట్టిన సార్జెంట్ కఫ్‌కు గులాబీ తోటలంటే ప్రాణం.

చదువుతుంటే మా అవ్వ గుర్తొచ్చింది. తొలకరి వానలకు తుగ్గలి చేలల్లో జనం తలలు వంచి వజ్రాలు వెతుకుతారు కదా, చిన్నప్పుడు అవ్వ వెంట నేనూ పోయాను. ఎర్రమట్టి అంటిన రాయి ఒకటి దొరికింది. కొంగుతో తుడిచింది, ఎండకు పట్టి చూసింది, ఉమ్మితో తడిపి మళ్లీ చూసింది. తర్వాత కొంగున ముడేసుకుంది. వ్యాపారి ఉత్త రాయే అన్నా నెల దాకా ఆ ముడి విప్పలేదు. ఈ నవలలో కథను ఒక్కరు కాదు, తమకు తెలిసినంత వరకు ఒక్కొక్కరు చెప్పుకుంటూ పోతారు. ఎవరు మాట్లాడుతున్నా, వీళ్ల కొంగున ఏం ముడేసి ఉందో అనే చూస్తున్నాను.

కఫ్ వచ్చిన చోట ఆపేశాను, నీకోసం. నువ్వూ అక్కడిదాకా చదివి దొంగ ఎవరో రాసి పంపు. నేనూ రాసి కవరు అంటించి పెడతాను, సెలవులకు నువ్వు వచ్చాక రెండూ విప్పుదాం. పుస్తకం దొరక్కపోతే చెప్పు, నాదే పంపిస్తాను. పేజీల పక్కన మాత్రం ఏమీ రాయొద్దురా.

నీ
ఓబులేసు