ఐవీఎఫ్ మధ్యలో ఆపాలా వద్దా: ఆ లెక్క మొదటి రోజే చెప్పాలి

సంపాదకులకు,

మీ జిల్లా ఎడిషన్‌లో ఆదివారం వచ్చిందంటే సంతాన సాఫల్య కేంద్రాల ప్రకటనలు. బోసినవ్వు పాపాయి ఫొటో, దాని కింద ‘ఉచిత కన్సల్టేషన్’, ‘ఈఎంఐ సౌకర్యం కలదు’. ప్రకటనలు వేయవద్దని అడగడం లేదు, పత్రిక నడవాలంటే అవీ ఉండాలి. కానీ ఐవీఎఫ్‌లో, అంటే గుడ్లు బయటికి తీసి ల్యాబ్‌లో ఫలదీకరించే చికిత్సలో, ఇంజెక్షన్లు మొదలయ్యాక గుడ్లు అనుకున్నన్ని పెరగకపోతే ముందుకు వెళ్ళాలా, అక్కడితో ఆపాలా అన్న సంగతి ప్రకటనలోనూ ఉండదు, లోపలికి వెళ్ళాక కన్సల్టేషన్‌లోనూ రాదు. నా ఉత్తరం దాని గురించే.

నేను నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. వయసు 38. రెండు ట్యూబులూ (అండవాహికలు) మూసుకుపోయాయి. గుడ్ల నిల్వ ఎంతుందో సూచించే రక్తపరీక్ష ఏఎంహెచ్‌లో వచ్చింది 0.7, అంటే తక్కువే. విజయవాడలో ఒక సెంటర్‌కి వెళ్ళాం. పేరు రాయను, నా గొడవ ఆ ఒక్కరితోనే కాదు.

తెలియనివారి కోసం కాస్త వివరం. పీరియడ్ రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి రోజూ పొట్ట మీద ఇంజెక్షన్ ఇస్తారు. మామూలుగా నెలకి ఒక్క గుడ్డే పూర్తిగా ఎదుగుతుంది. ఆ నెల దానితోపాటు వరసలో ఉన్న మిగతావి ఎండిపోకుండా ఈ మందు పెంచుతుంది. వరసలో లేనివాటిని మాత్రం ఏ మందూ పుట్టించలేదు. గుడ్డు ఉండే నీటితిత్తిని ఫాలికల్ అంటారు. స్కాన్‌లో అవి 17, 18 మిల్లీమీటర్లకి వచ్చాక ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇచ్చి, సుమారు 36 గంటలకి మత్తిచ్చి గుడ్లు తీస్తారు. ప్రతి ఫాలికల్‌లోనూ గుడ్డు దొరకదు, దొరికిన ప్రతిదీ పక్వంగా ఉండదు, పక్వమైన ప్రతిదీ ఫలదీకరణ చెందదు. మెట్టు మెట్టుకీ తరుగే. అందుకే మొదట కనిపించే అంకె మీద అంత టెన్షన్.

ఇంజెక్షన్లు మొదలైన వారానికి స్కాన్. డాక్టరుగారు తెర చూస్తూ ఒక్కో ఫాలికల్ కొలత మిల్లీమీటర్లలో చెబుతుంటే పక్కన సిస్టర్ రాసుకుంటోంది. ‘‘రైట్ పదిహేను, పదకొండు. లెఫ్ట్ పద్నాలుగు.’’ తర్వాతి అంకె ఏమిటా అని నేను ఎదురుచూస్తున్నాను. సిస్టర్ పెన్నుకి మూత పెట్టేసింది.

బయటికి వచ్చాక కౌన్సెలర్ అమ్మాయి మమ్మల్ని బిల్లింగ్ కౌంటర్ పక్కకి పిలిచింది. ‘‘రెస్పాన్స్ పూర్‌గా ఉంది మేడమ్. కంటిన్యూ చేస్తారా, క్యాన్సిల్ చేస్తారా? సాయంత్రం ఇంజెక్షన్ టైమ్ లోపు చెప్పండి. ఐయూఐకి మార్చుకోవచ్చు. డోనర్ ఎగ్స్ ఆప్షన్ కూడా ఉంది.’’ మా ఆయన ‘‘డోసు పెంచితే?’’ అన్నారు. ‘‘పెంచొచ్చు సార్, మీ ఇష్టం’’ అంది. మందు డోసు మా ఇష్టమేమిటండీ? ఇక ఐయూఐ అంటే వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించడం, దానికి కనీసం ఒక ట్యూబైనా తెరుచుకుని ఉండాలి. నా రెండు ట్యూబులూ మూసుకుపోయాయన్న రిపోర్టు ఆ అమ్మాయి చేతిలో ఉన్న ఫైల్లోనే ఉంది. తనని అనీ లాభం లేదు. డాక్టరుగారు చెప్పాల్సిన మాటలు తన చేత చెప్పిస్తున్నారు.

డోసు సంగతి ఇంటికొచ్చి చదివాను. మధ్యలో పెంచితే కొత్తగా ఫాలికల్స్ వచ్చి చేరవట, ఆ నెల వరస మొదట్లోనే ఖాయమైపోతుంది. గుడ్లు తక్కువ వస్తాయని ముందే తెలిసినవారికి కూడా రోజుకి 300 యూనిట్లు దాటించమని సిఫారసు చేయబోమని ఐరోపా సంతాన సాఫల్య వైద్యుల సంఘం ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. యూనిట్ పెరిగితే బిల్లు పెరుగుతుంది కాబట్టి ఈ ముక్క రోగులకి తెలియడం అవసరం. అండాశయంలోకి పీఆర్‌పీ (మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) ఎక్కిస్తామంటూ వేరే ప్యాకేజీ కూడా ఉందన్నారు. దాన్నీ ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ 2023లో వద్దనే చెప్పింది.

ఆపాలా వద్దా అన్నదానికి అందరికీ ఒకటే జవాబు ఉండదు. 28 ఏళ్ళ అమ్మాయి, ఏఎంహెచ్ బాగానే ఉంది, అయినా మూడే ఫాలికల్స్ వచ్చాయనుకోండి. డోసు చాలకనో, ఆ మందు పద్ధతి సరిపడకనో అయ్యుండొచ్చు. ఆపి, పద్ధతి మార్చి మళ్ళీ మొదలుపెడితే ఎక్కువ రావడానికి అవకాశముంది. నాలాంటిదానికి నిల్వే తక్కువ. ఈ నెల ఆపితే వచ్చేసారి కూడా ఇంచుమించు ఇన్నే వస్తాయి, పైగా వయసు పెరుగుతుంది. ఎన్ని గుడ్లన్నది ఏఎంహెచ్ కొంత చెబుతుంది, ఎలాంటి గుడ్లన్నది ఎక్కువగా వయసే చెబుతుంది. వైద్యులు కూడా ఈ తేడా గుర్తించారు. 2016లో పొసైడన్ అనే నిపుణుల బృందం తక్కువ గుడ్లు వచ్చేవారిని 35 ఏళ్ళ గీత, ఏఎంహెచ్ 1.2 గీత పెట్టి నాలుగు గుంపులు చేసింది. నేను ఏ గుంపో మొదటి రోజు రిపోర్టులతోనే తెలుస్తుంది. మరి ‘మీకు రెండు మూడే రావచ్చు, అలా వస్తే ఇలా చేద్దాం’ అని ఆ రోజే ఎందుకు చెప్పరు?

బంధువుల వాట్సాప్ సలహాలది ఇంకో గోల. ‘ఒక్క గుడ్డు చాలమ్మా, ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఒక్క గుడ్డుతోనే పుట్టింది’ అని పంపారు ఒకరు. నిజమే, 1978లో లూయీ బ్రౌన్ పుట్టినప్పుడు వాళ్ళమ్మకి గుడ్ల కోసం ఇంజెక్షన్లు ఇవ్వలేదు. కానీ ఆవిడదీ నాలాగే ట్యూబుల సమస్య అయినా, వయసు ముప్పై. అది కూడా కలిపి ఫార్వర్డ్ చేస్తే బాగుంటుంది.

మేం ముందుకే వెళ్ళాం. ఐయూఐ దారి లేదు, ఆపితే వచ్చేసారి పెరుగుతాయన్న ఆశ లేదు, గుడ్లు తీయడంలో ఉన్న కాస్త రిస్క్‌కి నేను సిద్ధపడ్డాను. ఫలితం ఇక్కడ రాయను. రాస్తే చదివేవారు దాన్నిబట్టి మా నిర్ణయం మంచిదో చెడ్డదో తేల్చేస్తారు. నా స్థానంలో ఇంకొకరు ఆపి ఉంటే వాళ్ళదీ తప్పు కాదు. మా అత్తయ్య అయితే ‘‘నీ ఒళ్ళు, నీ మాటే’’ అని ఒక్క ముక్కలో తేల్చారు. మా ఇంట్లో ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

అసలు చిక్కు డబ్బు. మాకిచ్చిన కాగితంలో ప్యాకేజీ మొత్తం కలిపి ఒకటే అంకె. మధ్యలో ఆపేస్తే గుడ్లు తీయడానికి, ల్యాబ్‌కి, మత్తు డాక్టరుకి కట్టిన సొమ్ము వాపసు ఇస్తారా? ఆ కాగితంలో లేదు. అడిగితే ‘‘మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాలి’’ అన్నారు. ఆపినా పైసా రాదనుకున్నవాళ్ళు ఆపడానికి ఎందుకు ఒప్పుకుంటారు? అప్పుడు నిర్ణయం జేబు తీసుకున్నట్టే.

చట్టం లేకపోలేదు. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత నియంత్రణ చట్టం ప్రకారం, ఆ సెంటర్‌లో విజయావకాశాలు ఎంత, లాభనష్టాలేమిటి, ఖర్చెంత, దుష్ఫలితాలేమిటి అన్నీ చెప్పి దంపతులు తెలిసి నిర్ణయించుకునేలా కౌన్సెలింగ్ ఇవ్వాలి. ఫిర్యాదుల విభాగం ఉండాలి. పిండాన్ని గర్భాశయంలో పెట్టేలోపు ఎప్పుడైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు. డోనర్ విషయంలోనూ నిబంధనలున్నాయి: దాత వయసు 23 నుంచి 35, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు గుడ్లకి మించి తీయకూడదు. ఇంత ఆలోచించి రాసిన విషయాన్ని బిల్లింగ్ కౌంటర్ దగ్గర, నలుగురూ వింటుండగా, ‘ఆప్షన్ కూడా ఉంది’ అని ముగించడం ఆ దాతకీ మర్యాద కాదు, నాకూ కాదు.

చట్టాన్ని అమలు చేసే రాష్ట్ర అధికారులు తనిఖీకి వెళ్ళినప్పుడు సెంటర్లలో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌తోపాటు సమ్మతి పత్రాలు కూడా తిప్పి చూడాలి. అందులో తెలుగులో ఒక పేజీ చేర్పించాలి: ఎన్ని ఫాలికల్స్ వస్తే కొనసాగిస్తారు, ఎన్నైతే ఆపమంటారు, ఏ దశలో ఆపితే ఎంత వాపసు, ఆ రోజు మాట్లాడేది డాక్టరా ఇంకొకరా. ఇంజెక్షన్ మొదలుకాక ముందే ఇద్దరి సంతకాలూ దాని మీద పడాలి.

మీ ఆరోగ్యం పేజీ వారికి కూడా ఒక మనవి. ఐవీఎఫ్ మీద వ్యాసం వేసినప్పుడల్లా బిడ్డనెత్తుకున్న దంపతుల ఫొటోతో సరిపెట్టకుండా, చికిత్స మధ్యలో ఆపాలా వద్దా అని తేల్చుకోవాల్సి వచ్చినవారితో కూడా ఒకసారి మాట్లాడించండి. పేరు వేయకపోతే నేనూ మాట్లాడతాను. ఇంటర్ పరీక్షల డ్యూటీ అయ్యాక అయితే మేలు.

ఇట్లు,
ఒక లెక్చరర్,
నరసరావుపేట, పల్నాడు జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)