మామా, ఆ డాలు తీసి పారేయకు

ఒరేయ్ మామా,

నిన్న రాత్రి ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్ గురించి మాట్లాడి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. "డాలు దండగ రా, మోసుకు తిరగడమే తప్ప ఉపయోగం లేదు, దాన్ని పెట్టెలో పడేసి కత్తే రెండు చేతుల్తో పట్టుకుంటా" అన్నావు. అప్పుడే చెబుదామనుకున్నా గానీ పన్నెండు దాటిపోయింది, నీకు పొద్దున్నే షిఫ్టు. పైగా ఇది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నువ్వు కూడా టీ పెట్టుకుని చదువు.

కోట గుమ్మం దగ్గర అడ్డుపడే మార్గిట్ అనే పెద్ద శత్రువు చేతిలో ఇరవై సార్లు పోయానని అంత బాధపడకు. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పటి నుంచి ఎంతమంది ఆ కోట గుమ్మం దగ్గర ఆగిపోయారో. నేనూ అక్కడ వారం రోజులు కొట్టుకున్నాను. ఆ వారం తర్వాతే నాకు కత్తీ డాలూ అంటే ఏమిటో అర్థమైంది. అప్పటి నుంచి రెండుసార్లు మొదటి నుంచి చివరి దాకా ఆ జోడీతోనే ఆడాను. అందుకే నువ్వు డాలు పారేస్తానంటే ప్రాణం ఉసూరుమంది.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు తెలిసిందేమిటంటే, డాలు ఎత్తే ఎల్ వన్ బటన్ నొక్కి పట్టుకుని వాడి చుట్టూ తిరుగుతున్నావు. మొదటి దెబ్బ ఆగుతోంది, రెండోది ఆగుతోంది, మూడో నాలుగో దెబ్బకి చెయ్యి వెనక్కి విసిరేసినట్టయి ఒళ్లంతా వాడికి అప్పగించేస్తున్నావు. అంతే, కథ ముగిసింది. డాలుని నువ్వు గొడుగులా వాడుతున్నావు రా, వాన వెలిసేదాకా దాని కింద నిలబడదామని. ఆ కోట దగ్గర వాన వెలవదు.

డాలు మీద పడ్డ ప్రతి దెబ్బకీ స్టామినా ఖర్చవుతుంది, అదే ఆ ఆకుపచ్చ గీత. అది సున్నా అయితే రక్షణ విరిగిపోతుంది. ఇంకో సంగతి ఆట ఎక్కడా గట్టిగా చెప్పదు: డాలు ఎత్తి పట్టుకున్నంతసేపూ స్టామినా నెమ్మదిగా నిండుతుంది. నువ్వు భయంతో దాన్ని దించడమే లేదు కాబట్టి గీత ఎప్పుడూ సగంలోనే ఉంటోంది. దెబ్బ వస్తున్నప్పుడు ఎత్తు, దెబ్బ దాటగానే దించు. మొదటి పాఠం ఇదే, దీనికే చాలా రోజులు పడుతుంది.

ఇక అసలు విషయం గార్డ్ కౌంటర్. దెబ్బ డాలుకి తగిలిన వెంటనే ఆర్ టూ, అంటే బలమైన దెబ్బ బటన్ నొక్కితే, మనవాడు ఆ ఊపు మీదే కత్తి తిప్పి బలంగా ఒక్కటి వేస్తాడు. ఇదే కంపెనీ వాళ్ల పాత డార్క్ సోల్స్ ఆటల్లో ఈ వెసులుబాటు లేదు, అక్కడ డాలంటే చాలావరకు కాచుకోవడమే. ఇక్కడ కాచుకోవడంలోనే కొట్టడం ఉంది. పైగా ఆ దెబ్బకి ఎదుటివాడి ప్రాణం తగ్గడం ఒక ఎత్తయితే, వాడి నిలకడ పోవడం ఇంకో ఎత్తు. ప్రతి శత్రువుకీ స్టాన్స్ అని పైకి కనపడని లెక్క ఒకటి ఉంటుంది. గార్డ్ కౌంటర్ దాన్ని మామూలు దెబ్బల కంటే చాలా వేగంగా తినేస్తుంది. అది అయిపోగానే ఎంతటివాడైనా తూలి కూలబడతాడు. అప్పుడు ఎదురుగా వెళ్లి ఆర్ వన్, అంటే మామూలు దెబ్బ బటన్ నొక్కావంటే ఆ పోటు చూడాలి.

మా తాతయ్య దసరాకి కర్రసాము చేసేవాడని నీకు తెలుసుగా. మాకు నేర్పేటప్పుడు ఒకే మాట పదే పదే అనేవాడు, "ఆపిన చెయ్యి అక్కడే ఆగిపోకూడదురా" అని. ఎదుటివాడి కర్ర మన కర్రకి తగిలిన చప్పుడులోనే మన దెబ్బ బయల్దేరాలని చూపించేవాడు. ఈ ఆటలో మొదటిసారి గార్డ్ కౌంటర్ సరిగ్గా పడినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

దీన్ని మార్గిట్ దగ్గర నేర్చుకోవాలని చూడకు. గేట్‌ఫ్రంట్ శిథిలాలకి వెళ్లు, ఆ దారి పక్కన సైనికులు కాపలా కాస్తుంటారే, అక్కడికి. ఒక్కణ్ణి మిగతావాళ్లకి దూరంగా లాగు. కత్తి వెయ్యకుండా ఎదురుగా నిలబడు. వాడు కత్తి వెనక్కి తీస్తాడు, భుజం కొంచెం తిరుగుతుంది, అప్పుడు ఎల్ వన్. టంగ్‌మని మోగుతుంది. ఆ మోతతో పాటే ఆర్ టూ. చెవితో ఆడు మామా, కంటితో కాదు. కన్ను ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యం. నేను ఒక సాయంత్రమంతా అక్కడే ఉండి, గ్రేస్ అనే విశ్రాంతి చోటు దగ్గర కూర్చుని వాళ్లని మళ్లీ లేపుకుంటూ ఇదే చేశాను. ఎనిమిదయ్యేసరికి వేలు తనంతట తానే కదలడం మొదలుపెట్టింది.

అక్కడే నీకు ఇంకో లాభం ఉంది. ఆ సైనికుల్లో కొందరి దగ్గర బ్రాస్ షీల్డ్ ఉంటుంది, అదృష్టం బాగుంటే చచ్చినప్పుడు వదిలేస్తారు. నువ్వు వాగబాండ్ అనే పాత్రతో మొదలుపెట్టావు కాబట్టి చేతిలో హీటర్ షీల్డ్ ఉంది, అది కూడా మామూలు కత్తి దెబ్బల్ని నూటికి నూరు శాతం ఆపుతుంది. బ్రాస్ షీల్డ్ కూడా అంతే ఆపుతుంది గానీ దాని గార్డ్ బూస్ట్ ఎక్కువ. అంటే అదే దెబ్బకి స్టామినా తక్కువ పోతుంది. నీకు మూడో దెబ్బకి విరుగుతున్నది ఇంకో రెండు దెబ్బలు నిలబడుతుంది. దానికి స్ట్రెంత్, అంటే బలం 16 కావాలి. వాగబాండ్‌కి మొదట్లో 14 ఉంటుంది, కాబట్టి రెండు పాయింట్లు పెడితే సరి. బరువు 7, అది మాత్రం చూసుకోవాలి.

బరువు సంగతి నిన్న నేను అడగడం మర్చిపోయాను. మొత్తం మోయగలిగినదానిలో 70 శాతం దాటితే దొర్లడం బద్ధకంగా మారిపోతుంది, మార్గిట్ ముందు అలా దొర్లితే దొర్లనట్టే. నువ్వు వాడని హాల్బర్డ్ ఇంకా రెండో అరలో తగిలించే ఉంచావేమో చూడు. చేతిలో లేకపోయినా అరలో ఉన్న ప్రతిదీ బరువులో లెక్కకొస్తుంది. దాన్ని తీసెయ్. అయినా దాటుతుంటే హెల్మెట్ తీసెయ్, డాలు మాత్రం తియ్యకు.

పాయింట్ల విషయంలో నేను చాలా మొండివాణ్ణి, నీకు తెలుసు. ముందు విగర్, అంటే ప్రాణం. అందరూ కొట్టే బలం పెంచుకోవాలని ఆత్రపడతారు గానీ, మొదట్లో కత్తి పదును స్మితింగ్ స్టోన్లతో పెరిగినంతగా పాయింట్లతో పెరగదు. వాగబాండ్ 9వ లెవెల్లో మొదలవుతాడు, విగర్ 15, ఎండ్యూరెన్స్ 11. విగర్ 25, ఎండ్యూరెన్స్ 16, స్ట్రెంత్ 18 చేశావనుకో, లెవెల్ 28 అవుతుంది. ఆ 28తో మార్గిట్ దగ్గరికి వెళ్తే నీకే తేడా తెలుస్తుంది. తర్వాత తర్వాత విగర్‌ని 40కి, చివరికి 60కి తీసుకెళ్లు. ఎండ్యూరెన్స్‌ని చిన్నచూపు చూడకు. డాలు వాడేవాడికి స్టామినా, మోసే శక్తి రెండూ అందులోనే ఉన్నాయి. స్కిల్స్‌కి, మంత్రాలకి శక్తినిచ్చే మైండ్ మీద ఐదు పాయింట్లు పెట్టేశానని నువ్వు బెంగ పెట్టుకున్నావు, దాని గురించి వదిలెయ్. రాయ లుకేరియా అకాడమీలో రెన్నాలా అనే శత్రువుని గెలిచాక, ఆమెకి లార్వల్ టియర్ అనే వస్తువు ఇచ్చి పాయింట్లన్నీ మార్చుకోవచ్చు.

కత్తి మార్చాలా అని అడిగావు. వద్దు. ఆ లాంగ్‌స్వార్డ్ చూడ్డానికి సాదాగా ఉంటుంది గానీ బంగారం. దాని స్కిల్, అంటే ప్రత్యేక దాడి పేరు స్క్వేర్ ఆఫ్. ఎల్ టూ పట్టుకుంటే మనవాడు కత్తి సర్దుకుని నిలబడతాడు, అప్పుడు ఆర్ టూ నొక్కితే ముందుకి దూసుకెళ్లి పొడుస్తాడు. నిలకడ విరగ్గొట్టడానికి గార్డ్ కౌంటర్ తర్వాత నాకు అంత నచ్చింది ఇదే. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఎడమ చేతి డాలుకి పారీ (దెబ్బని పక్కకి తోసెయ్యడం) లాంటి స్కిల్ ఉంటే ఎల్ టూ దానికే పోతుంది, కత్తి స్కిల్ రాదు. డాలు మీద నో స్కిల్ అని ఉండాలి. చాలామంది ఇది తెలియక, కత్తి స్కిల్ పనిచేయడం లేదని తల పట్టుకుంటారు.

లిమ్‌గ్రేవ్ గనిలోకి వెళ్లి మొదటి రకం స్మితింగ్ స్టోన్లు తవ్వుకో. కత్తిని మూడు మెట్లు పెంచి ప్లస్ త్రీ చేయడానికి రెండు, నాలుగు, ఆరు, మొత్తం 12 రాళ్లు కావాలి. అంతవరకు చర్చ్ ఆఫ్ ఎల్లేలో ఉన్న దాగలి చాలు. ఆ తర్వాత రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో హ్యూగ్ అనే కమ్మరి చేస్తాడు. ఎక్కువ రాళ్లు దొరికితే డాలుని కూడా బాగుచేయించు, దాని గార్డ్ బూస్ట్ పెరుగుతుంది. డాలుకి రాళ్లు పెట్టడం దండగని చాలామంది అనుకుంటారు, నాకు మాత్రం అది ఎప్పుడూ దండగ అనిపించలేదు. సమ్మన్‌వాటర్ గ్రామంలో స్టోన్‌స్వార్డ్ తాళంచెవి ఒకటి వాడితే గ్రీన్ టర్టిల్ టాలిస్మన్ అనే తాయెత్తు దొరుకుతుంది, దానితో స్టామినా తొందరగా నిండుతుంది. అది మెళ్లో పడేదాకా నేను వేరే దేని జోలికీ పోలేదు.

మార్గిట్ కంటే ముందు ఒకడి దగ్గరికి వెళ్లమంటాను. స్టార్మ్‌హిల్ ఎవర్‌జైల్ అనే బందీఖానాలో క్రూసిబుల్ నైట్ ఉంటాడు. వాడిదీ కత్తీ డాలే. మన విద్యే మనకంటే బాగా తెలిసినవాడు. తొందరపడడు, డాలు ముందు పెట్టుకుని నడుచుకుంటూ వస్తాడు. నేల అదిరేలా కాలేసి తొక్కుతాడు, వెంటనే కత్తి వస్తుంది. మొదట్లో ఆ తొక్కుడికే నేను కొట్టేయాలని చూసేవాణ్ణి, రెండో దెబ్బ నెత్తి మీద పడేది. ఒక రాత్రి ఊరికే కాచుకుంటూ, ఒక్క దెబ్బ కూడా వేయకుండా వాణ్ణి చూస్తూ ఉండిపోయాను. వరసలో చివరి దెబ్బ ఏదో అప్పుడు తెలిసింది. ఆ చివరిదాన్ని ఆపి ఆర్ టూ వేశాను, రెండడుగులు వెనక్కి, డాలు కిందికి, గీత నిండనిచ్చాను. మళ్లీ అదే. సగం ప్రాణం పోయాక వాడికి తోక మొలుస్తుంది, రెక్కలు వస్తాయి, అయినా పద్ధతి అదే. వాడు కూలబడినప్పుడు నా చేతులు వణుకుతున్నాయి మామా. మా ఆవిడ నిద్రలేచి ఏమైందని అడిగింది.

ఆ తర్వాత మార్గిట్ దగ్గరికి వెళ్లు. వాడు కర్ర పైకెత్తి అలాగే ఆపుతాడు చూడు, నువ్వు ముందే దొర్లేస్తావు, లేచేసరికి దెబ్బ నీ మీద ఉంటుంది. దొర్లేవాళ్ల కోసం వేసిన వల అది. డాలు ఎత్తి ఉన్నవాడికి వాడు ఎంతసేపు ఆపినా ఒకటే. అందుకే వాడు మనకి అనువైన శత్రువని నా గట్టి నమ్మకం. ఎడమ చేత్తో తీసే వెలుగు బాకులో పవిత్ర శక్తి ఉంటుంది కాబట్టి దానిలో కొంత డాలు దాటి తగులుతుంది, కంగారుపడకు. వాడి ఎదురుగా ప్రాణం నింపే మందు తాగకు, తాగడం చూస్తే బాకు విసురుతాడు.

కోట లోపలికి వెళ్లాక కర్వ్డ్ స్వార్డ్ టాలిస్మన్ వెతుక్కో. పేరు చూసి మనది కాదనుకోకు, అది పెంచేది గార్డ్ కౌంటర్‌నే. ఐరన్ వెట్‌బ్లేడ్ అనే సానపెట్టే పరికరం కూడా ఆ కోటలోనే ఉంది, దానితో కత్తిని హెవీ రకంగా చేసుకుంటే స్ట్రెంత్‌కి తగ్గ బలం వస్తుంది.

డాలు ఆపలేనివి కూడా చెప్పాలి, లేకపోతే రేపు నన్నే తిడతావు. పట్టుకుని ఎత్తేసే దాడుల్ని ఏ డాలూ ఆపదు. డ్రాగన్ మంట చాలావరకు దాటి వచ్చేస్తుంది. చాలా దూరంలో మలేనియా అని ఒకామె ఉంది, ఆమె కత్తి నీ డాలుకి తగిలినా సరే ఆమె ప్రాణం పెరుగుతుంది. అది తెలిసిన రోజు నాకు నిజంగా కడుపు మండింది. అక్కడ మాత్రం డాలు దించి దొర్లాల్సిందే. కానీ 2024 జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగంలో డిఫ్లెక్టింగ్ హార్డ్‌టియర్ అనే మందు దినుసు ఇచ్చారు, అది వాడి దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా డాలు ఎత్తితే కాపు బాగా గట్టిపడుతుంది, ఆ వెంటనే వేసే గార్డ్ కౌంటర్ బలం కూడా పెరుగుతుంది. మనలాంటివాళ్లని ఎవరో గుర్తుపెట్టుకున్నారని అప్పుడు అనిపించింది.

శనివారం రాత్రి నాకు సెలవే. నువ్వు ఆన్‌లైన్‌లోకి రా, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఆడు, నేను వింటూ ఉంటాను. ఆ టంగ్ చప్పుడు తర్వాత నీ బటన్ ఎంతసేపటికి నొక్కుతున్నావో చప్పుడు బట్టే చెప్పేస్తాను. అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ
మామ

తా.క. మన గుర్రం టోరెంట్ మీద ఉన్నప్పుడు డాలు అడ్డం పెట్టడం కుదరదు. ట్రీ సెంటినెల్ అనే ఆ బంగారు గుర్రపువాడితో దిగి కొట్లాడతావో, గుర్రం మీదే కొట్లాడతావో ముందే తేల్చుకుని వెళ్లు.