మార్చి చివరి నుంచి మే వరకు మేము ఇచ్చిన ఉప్పునీటి గురించి

గౌరవనీయులైన ఖాతాదారులకు నమస్కారం.

మార్చి ఆఖరి వారం నుంచి మే 30వ తేదీ వరకు కూకట్‌పల్లిలోని మా దుకాణంలో కలిపి, 20 లీటర్ల డబ్బాల్లో మీ ఇళ్లకు చేర్చిన ఉప్పునీటిలో కొంత భాగం రాగితో కలుషితమైనదని, మీలో పలువురి అక్వేరియంలలో పగడాలు ముడుచుకుపోవడానికీ, నత్తలు, రొయ్యలు చనిపోవడానికీ అదే ప్రధాన కారణమని మేము నిర్ధారణకు వచ్చాము. ఈ రెండు నెలలూ మీరు ఫోన్ చేసిన ప్రతిసారీ మేము మీ గది వేడిని, మీ లైట్లను, మీరు వేసే మేతను తప్పుపట్టాము. తప్పు మేము ఉప్పు కలిపే డ్రమ్ము దగ్గర ఉంది. అది ఎలా జరిగింది, పట్టుకోవడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది, ఇప్పుడు మీ ట్యాంకుల్లో ఏం చేయాలి అన్నవి దాచకుండా చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాము.

ఈ మధ్యనే మా దగ్గర చేరినవారి కోసం ఒక మాట. సముద్రం చూడాలంటే బాపట్ల దాకా వెళ్లాల్సిన ఊరు మనది. ఇక్కడ పగడాల ట్యాంకు పెట్టినవారు ఉప్పునీటిని తామే తయారు చేసుకోవాలి, లేదా మా వంటి వారి దగ్గర కొనుక్కోవాలి. మేము నీరు, ఉప్పు, పరీక్ష సామగ్రి అమ్ముతాము, ఇళ్లకు వచ్చి ట్యాంకులు చూస్తాము. పగడాలు మాత్రం అమ్మము. రాతి పగడాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లోనే చేర్చారు కనుక, మన సముద్రాల నుంచి వాటిని తీసి అమ్మడం నేరం. మీలో ఎక్కువమంది ఇళ్లలో ఉన్నవి మెత్తటి పగడాలు, అంటే జోవాంథిడ్లు, మష్రూములు, లెదర్ కోరల్, జీనియా వంటివి. అవి గట్టివని, ఎలాంటి నీటినైనా ఓర్చుకుంటాయని మేమే మీకు చెబుతూ వచ్చాము. అందువల్లనే అవి కూడా వాడిపోతున్నప్పుడు మేము ఇంకా ముందే ఉలిక్కిపడి ఉండవలసింది.

మొదటి ఫోన్లు ఏప్రిల్ రెండో వారంలో వచ్చాయి. జీనియా తన చేతులను తెరుస్తూ మూస్తూ కొట్టుకోవడం మానేసిందని ఒకరు, జోవాంథిడ్లు పగలంతా మొగ్గల్లా ముడుచుకునే ఉంటున్నాయని ఇంకొకరు, అద్దం మీద తిరిగే నత్తలు వెల్లకిలా పడుతున్నాయని మరొకరు చెప్పారు. బయట 40 డిగ్రీల ఎండ కాస్తోంది. నీటి వేడి 30 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే, పగడం తన కణాల్లో ఉంచుకుని పోషించుకునే సూక్ష్మ శైవలాలను బయటకు వెళ్లగొట్టి తెల్లబడుతుందన్నది అందరికీ తెలిసిన విషయమే కనుక, నీటిని చల్లబరిచే చిల్లర్ పెట్టించుకోండి, కనీసం నీటి మీదికి ఫ్యాను తిప్పండి అని సలహా ఇచ్చాము. ఆ సలహా తప్పు కాదు. నీరు ఆవిరయ్యేటప్పుడు రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కాకపోతే తగ్గిన మేరకు ఉప్పులేని ఆర్.ఓ. నీటిని మాత్రమే పోయాలి. అయితే చిల్లర్‌తో 26 డిగ్రీలు కదలకుండా నిలుపుకుంటున్న ఇళ్లలో కూడా జీనియా ఆగిపోయిందన్న సంగతిని మేము పట్టించుకోలేదు.

అంతలో మరొక తప్పు దొరికింది, అది మమ్మల్ని నెల రోజులు దారి తప్పించింది. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లలో ఏది వచ్చినా, బోరు నీరైనా, ముందుగా ఆర్.ఓ. పొర గుండా, ఆ తరువాత మిగిలిన లవణాలను పట్టుకునే డీఐ రెసిన్ గుండా పంపి, కరిగిన లవణాలను అంచనా వేసే టీడీఎస్ మీటరులో సున్నా చూశాకనే అందులో ఉప్పు కలపాలి. ఏప్రిల్‌లో మా వీధి బోరు అడుగంటింది, కుళాయి నీరు చాలలేదు, రోజు మార్చి రోజు ట్యాంకర్ తెప్పించుకున్నాము. ఆ నీటిలో లవణాలు ఎక్కువ కావడంతో మూడు నెలలు రావలసిన రెసిన్ నెలకే అయిపోయింది. మీటరు 3, 4 చూపిస్తుంటే ఇంత చిన్న అంకెకు భయమేమిటి అనుకున్నాము. అది మా అజ్ఞానం. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను మాత్రమే. రెసిన్ అలసిపోయినప్పుడు ముందుగా జారిపోయే సిలికా దాదాపుగా విద్యుదావేశం లేకుండా ఉంటుంది కనుక, అది ఎంత ఉన్నా మీటరు ముల్లు పెద్దగా కదలదు. మీ అద్దాల మీద, ఇసుక మీద గోధుమరంగు పొడిలా పేరుకున్న డయాటంలు అనే సూక్ష్మ శైవలాలు ఆ సిలికా తిని పెరిగినవే. రెసిన్ మార్చాము, గోధుమ పొర తగ్గింది. సమస్య తీరిందని మీకు సందేశాలు కూడా పంపాము. పగడాలు మాత్రం విచ్చుకోలేదు.

అప్పుడు మేము చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ట్యాంకులో పాత మలినం మిగిలి ఉంటుంది, ఈసారి 30 శాతం నీరు మార్చండి అని చెప్పాము. మారిస్తే పోసేది మా నీరే కదా. అగ్నికి ఆజ్యం పోసినట్టయింది.

దారి చూపింది నిజాంపేటలో ఉండే ఒక ఖాతాదారు. ఆమె కళాశాలలో రసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. నేను మళ్లీ వేడి గురించి మొదలుపెట్టగానే ఆమె మధ్యలోనే ఆపి, “వేడే అయితే ముందు చేపలకు ఊపిరాడదు బాబూ, పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. నా చేపలు నిక్షేపంగా తిరుగుతున్నాయి. వెన్నెముక లేనివే పోతున్నాయి. నీ నీళ్లలో ఏదో లోహం ఉంది, చూసుకో” అన్నారు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. ఫోన్ పెట్టేశాక డెలివరీ పుస్తకం తీసి, ఫిర్యాదు చేసినవారి పేర్ల పక్కన వారికి నీరు వెళ్లిన రోజు, సమయం రాసుకుంటూ పోయాను. దాదాపు అందరూ ఉదయం మొదటి విడతలో నీరు అందుకున్నవారే, వారిలోనూ సోమవారం వాళ్లే ఎక్కువ. సాయంత్రం విడతలో నీరు తీసుకునే ఇళ్లలో డయాటంలు తప్ప వేరే ఫిర్యాదు లేదు. ఆదివారం దుకాణం మూసి ఉంటుంది. అంటే రాత్రంతా, ఆదివారమైతే రెండు రాత్రులు, ఎక్కడో నిలిచి ఉన్న నీటిలో ఏదో దిగుతోంది.

ఉప్పు కలిపే డ్రమ్ము కింది ప్లాస్టిక్ బాల్ వాల్వ్ మార్చి చివర్లో పగిలి కారింది. ప్లంబర్ తన సంచిలో ఉన్న, క్రోమ్ పూత పూసిన వాల్వ్ బిగించి వెళ్లారు. తళతళలాడుతోంది, గట్టిగా ఉంది అని నేను మెచ్చుకున్నాను కూడా. ఆయన వంటింటి కుళాయికి ఏది సరైనదో అది బిగించారు, అందులో పోయేది ఉప్పునీరని చెప్పవలసినవాడిని నేను. విప్పి చూస్తే లోపల పచ్చటి చిలుము పట్టి ఉంది. పూత పైపైనే, లోపలంతా ఇత్తడి, అంటే రాగి, తుత్తునాగం. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని, ఉప్పు వేసిన ఊరగాయ నిలవ ఉంచకూడదని మా అమ్మమ్మకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. పన్నెండేళ్లుగా ఉప్పునీటి వ్యాపారం చేస్తున్న నాకు తట్టలేదు.

జబ్బు చేసిన చేపలకు మందు వేసేటప్పుడు వాడే రాగి పరీక్ష కిట్ మా దగ్గరే ఉంది. జూన్ మొదటి సోమవారం ఉదయం ఆ ఇత్తడి వాల్వ్‌నే తిరిగి బిగించి ఉంచిన డ్రమ్ము నుంచి వచ్చిన మొదటి లీటరును పరీక్షిస్తే రంగు స్పష్టంగా తేలింది. డ్రమ్ము పైనుంచి ముంచి తీసిన నీటికి రంగు రాలేదు. రంగు రాకపోవడం అంటే రాగి లేదని కాదు, ఆ కిట్‌కు అందేంత లేదని మాత్రమే అర్థం. సహజ సముద్రంలో రాగి లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా ఉండదు, ఇంటి కిట్లు అంత సూక్ష్మంగా చూడలేవు. అందువల్ల రెండు నమూనాలనూ అతి సూక్ష్మ మోతాదులను కూడా కొలిచే ఐసీపీ అనే ప్రయోగశాల పరీక్షకు పంపాము, నివేదిక రాగానే అందరికీ పంపుతాము.

చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగిని వేరే ట్యాంకులో పెట్టి వారాల తరబడి ఉంచుతారు. చేపలు దాన్ని ఓర్చుకుంటాయి, అందులో సగం కూడా నత్తలు, రొయ్యలు, పగడాలు ఓర్చుకోలేవు. మీ చేపలు బాగుండడమే మా కళ్లు కప్పింది. విచిత్రం ఏమిటంటే నత్తల, రొయ్యల రక్తంలో ప్రాణవాయువును మోసేది ఇనుము కాదు, రాగే. దేహానికి అవసరమైన ఆ లోహమే నీటిలో విడిగా కలిస్తే వాటి మొప్పలను చెడగొడుతుంది. ఇక మీ ట్యాంకులో అది ఎంత చేరి ఉంటుందో లెక్క చూద్దాం. 200 లీటర్ల ట్యాంకులో వారానికి 20 లీటర్లు మార్చేవారికి మొదటి వారం డబ్బాలో ఉన్న గాఢతలో పదో వంతు చేరుతుంది. అలాంటి నీటినే నాలుగు వారాలు పోస్తే మూడో వంతు దాటుతుంది. మా మాట విని 30 శాతం మార్చినవారికి అంతకంటే వేగంగా పెరిగి ఉంటుంది.

ఇప్పుడు ఏం చేయాలి? అన్నిటికంటే ముందు, ఒక్కసారిగా సగం నీరు మార్చవద్దు. నీరసించిన పగడానికి రాగి ఒక దెబ్బ అయితే, ఉప్పు, ఆల్కలినిటీ (నీటి క్షారత) ఉన్నట్టుండి మారడం రెండో దెబ్బ అవుతుంది. కొత్త వాల్వ్ బిగించాక కలిపిన నీటితో వారానికి రెండుసార్లు 10 నుంచి 15 శాతం మార్చండి, కొత్త నీటి లవణీయత, వేడి మీ ట్యాంకుతో సరిపోలేలా చూడండి, ఆల్కలినిటీ రోజుకు ఒక డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) కంటే ఎక్కువ కదలనివ్వవద్దు. యాక్టివేటెడ్ కార్బన్ కొంత రాగిని పీల్చుకుంటుంది, అసలు పని చేసేది మాత్రం లోహాలను పట్టుకునే ప్రత్యేక రెసిన్. అది మీ అందరికీ ఒక్కో సంచి చొప్పున ఉచితంగా పంపుతున్నాము, ఫిల్టర్‌లో నీరు ధారాళంగా పోయే చోట పెట్టండి. రాళ్లు, ఇసుక కూడా రాగిని పట్టి ఉంచుకుని నెమ్మదిగా వదులుతాయి కనుక, నీటి పరీక్ష బాగుందని తొందరపడి నత్తలను గుంపుగా వేయవద్దు. నెల ఆగి ఒక్క నత్తను వేసి, అది పది రోజులు అద్దం మీద తిరిగితే అప్పుడు మిగిలినవి ఆలోచించవచ్చు.

తెల్లబడిన పగడాన్ని చచ్చిపోయిందని పారేయకండి. తెలుపు కింద పల్చటి, పారదర్శకమైన కండ ఇంకా ఉంటే, రాత్రి టార్చి వేసి చూసినప్పుడు చిన్న చిన్న చేతులు బయటికి చాస్తుంటే అది బతికే ఉంది. లైటు తీవ్రత మూడో వంతు తగ్గించి, వారానికి రెండుసార్లు మెత్తటి మేత అందిస్తే కోలుకునే అవకాశం ఉంది. జీనియా, జోవాంథిడ్లు ముద్దగా కరిగి దుర్వాసన వస్తుంటే మాత్రం పైపుతో నీటితో సహా బయటికి లాగేయాలి. లెదర్ కోరల్ మైనం లాంటి పొర కప్పుకుని నాలుగైదు రోజులు ముడుచుకోవడం దాని సహజ అలవాటు, దానికి మా నీటిని నిందించనక్కరలేదు. ఇదే అదనుగా కాల్షియం, మెగ్నీషియం, పగడాల రంగు పెంచే సీసాలు కొని పోయవద్దని కూడా మనవి. ఆ సీసాలు మేమే అమ్ముతాము కనుక ఈ మాట నమ్మవచ్చు. కొలవనిదాన్ని కలపకూడదు.

మా దగ్గర మార్చినవి కొన్ని ఉన్నాయి. ఉప్పునీరు తగిలే చోట ఇక ఏ లోహమూ ఉండదు, వాల్వులు, కప్లింగులు అన్నీ పీవీసీవే. ఉదయం మొదటి పది లీటర్లు పారబోస్తాము. రెసిన్ గొట్టాలు రెండు వరుసగా పెట్టి, ఆ రెండింటి మధ్య కూడా మీటరు బిగించాము, మొదటిది సున్నా దాటగానే మారుస్తాము. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరును ఇంతకు ముందు మంచినీటితో సున్నా చూసి సరిపెట్టేవాళ్లం, ఇప్పుడు లవణీయత 35గా తెలిసిన ద్రావణంతో సరిచేస్తున్నాము. ప్రతి డబ్బా మీదా కలిపిన తేదీ, లవణీయత, ఆల్కలినిటీ చేత్తో రాసి ఉంటాయి, రాయని డబ్బా వస్తే తిప్పి పంపండి. ఇంత రెసిన్ ఖర్చును మోయలేక జూలై నుంచి డబ్బాకు 15 రూపాయలు పెంచుతున్నాము. ఇంత జరిగాక ధర పెంచడం ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు, కానీ పాత ధరకు మళ్లీ పాత నీరే ఇవ్వగలము.

ఆ తొమ్మిది వారాల్లో మీరు కొన్న ఉప్పునీటి డబ్బాల డబ్బు మొత్తం, ఉదయం, సాయంత్రం అన్న తేడా లేకుండా, తిరిగి ఇస్తాము, రసీదులు అక్కరలేదు, డెలివరీ పుస్తకం మా దగ్గరే ఉంది. చనిపోయిన నత్తలకు, రొయ్యలకు మీరు చెప్పిన ధరే కట్టిస్తాము. పగడాలకు ధర కట్టడం కష్టం. అయిదేళ్లు పెంచిన లెదర్ కోరల్‌ను పోగొట్టుకున్న కొండాపూర్ దంపతుల ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చాను, మిగిలినవారిని కూడా ఒక్కొక్కరిగా కలుస్తాను.

ఆగస్టు ఆఖరు దాకా నీటి పరీక్ష ఉచితం. సబ్బు తగలని, తాగునీరు అమ్మే ప్లాస్టిక్ సీసాను మీ ట్యాంకు నీటితోనే రెండుసార్లు కడిగి, నిండా పట్టి, అదే రోజు తీసుకురండి. ఆరోగ్యం కోసం ఇంట్లో వాడే రాగి సీసాల్లో మాత్రం తేవద్దు. పోయిన వారం ఇద్దరు అలాగే తెచ్చారు, వారు మళ్లీ వేరే సీసాలో నీరు పట్టి తేవలసి వచ్చింది.