పంచాయితీ రాశారు, పాట సంగతేది?

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ మాజీ సభ్యుల సోలో ఆల్బమ్‌ల మీద అరపేజీ వ్యాసం చూసి చాలా సంతోషపడ్డాను. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్ పేర్లు తెలుగు పేపర్లో చదవడం వరంగల్‌లో మాలాంటి వాళ్లకు రోజూ దొరికేది కాదు. చాయ్ చల్లారేలోపే చదివేశాను. తర్వాత లెక్కపెడితే ఐదు పేరాల్లో నాలుగు వాళ్లిద్దరి గొడవ గురించే. 1985లో వాటర్స్ బయటికి వెళ్లడం, బ్యాండ్ పేరు ఎవరిదని కోర్టుకెక్కడం, 1987 చివర్లో రాజీ, 2023లో ట్విట్టర్‌లో రేగిన దుమారం, అన్నీ ఉన్నాయి. కొత్త పాటలు ఎలా ఉన్నాయన్నది మాత్రం లేదు.

నేనేం పండితుణ్ణి కాను. హనుమకొండలో పద్దెనిమిదేళ్లు క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపాను. ఖాళీ క్యాసెట్, పాటల చిట్టీ ఇచ్చిపోతే సాయంత్రానికి నింపి ఇచ్చేవాణ్ణి. ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి నిట్, అప్పుడు ఆర్ఈసీ. ఆ హాస్టల్ పిల్లలే నాకు ఈ పిచ్చి అంటించారు. 2002లో వాటర్స్ బెంగళూరు వస్తే రెండ్రోజులు షటర్ దించి కాజీపేటలో రైలెక్కాను. కాబట్టి నేను ఏ పార్టీనో మీకు అర్థమయ్యే ఉంటుంది.

భద్రకాళి చెరువు బండ్ మీద పొద్దున నడకకు వచ్చే మా నలుగురిలో ఇద్దరు గిల్మర్ వైపు. నాలుగో ఆయనకు ఇళయరాజా తప్ప ఎవరూ ఆనరు. గిల్మర్ ఆల్బమ్ ‘లక్ అండ్ స్ట్రేంజ్’ 2024 సెప్టెంబర్ 6న వచ్చింది. అది వాటర్స్ పుట్టినరోజు. కావాలనే ఆ తేదీ పెట్టాడా, అలా కలిసొచ్చిందా అని మూడు పొద్దులు కొట్లాడుకున్నాం. ఆ మూడు రోజుల్లో ఆల్బమ్ మొత్తం విన్నవాడు మాలో ఒక్కడూ లేడు. తప్పు మాదే, ఒప్పుకుంటున్నా. కానీ పేపర్లు, యూట్యూబ్ ఛానళ్లు మాకు వేసిన మేత కూడా అదే కదా!

ఈ జబ్బు లండన్‌దే అనుకోకండి. మా వాడలో ఒక బ్యాండ్ మేళం ఉండేది. అన్నదమ్ములు విడిపోయారు. పెద్ద డ్రమ్మూ పేరు రాసిన బోర్డూ తమ్ముడి ఇంటికి పోయాయి. క్లారినెట్ అన్న దగ్గర మిగిలింది. బోర్డు ఎటుంటే అసలు మేళం అటేనని పెళ్లివాళ్లందరూ తమ్ముడికే బయానా ఇచ్చేవాళ్లు. బరాత్‌లలో ఎవరిది అసలు, ఎవరిది నకిలీ అన్న లొల్లి రెండు సీజన్లు నడిచింది. అన్న ఆ రెండేళ్లలో కొత్తగా ఏం నేర్చుకున్నాడో మేము వినలేదు. తర్వాత ఆయన ఆటో కొనుక్కున్నాడు.

చివరికి ఒక రాత్రి, సిగ్గుపడి, ఇద్దరివీ వరసపెట్టి విన్నాను.

వాటర్స్ యాభై ఏళ్ల కిందటి పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’నే పాత సోపతిగాళ్లు లేకుండా మళ్లీ రికార్డు చేసి 2023 అక్టోబర్‌లో వదిలాడు. గిటార్ సోలోలు తీసేశాడు. అప్పటికి ఆయనకు ఎనభై నిండాయి. గొంతు గరగరలాడుతుంది, పాడేదానికన్నా చెప్పేదే ఎక్కువ. నడక బృందంలో గిల్మర్ వాళ్లు దీన్ని ‘పాటకు దినం పెట్టడం’ అన్నారు. నేను వింటుంటే పక్కన ఫోన్ చూసుకుంటున్న మా మేనల్లుడు తలెత్తి, “మామా, ఈయన ఒగ్గు కథ లెక్క చెప్తున్నడు గదా” అన్నాడు. నాకు తట్టనే లేదు! ఒగ్గు కథకుడు కూడా అంతే, పాడుతూ పాడుతూ ఆగి, వెనక డోలు సన్నగా మోగుతుంటే మాటల్లోకి దిగుతాడు. ఆ చెవితో మళ్లీ మొదట్నించీ విన్నాను. కొన్నిచోట్ల ఒళ్లు జలదరించింది. రెండు మూడు చోట్ల మరీ సాగదీశాడు, మా నాయకుడైనా చెప్పక తప్పదు.

గిల్మర్ ఆల్బమ్‌లో నన్ను పట్టేసింది గిటార్ కాదు. ఆల్బమ్ పేరున్న పాటలో కీబోర్డు వాయించింది పింక్ ఫ్లాయిడ్‌లో వాళ్లతో కలిసి వాయించిన రిచర్డ్ రైట్. ఆయన 2008లోనే చనిపోయాడు. 2007లో గిల్మర్ ఇంటి దగ్గరి కొట్టంలో అందరూ కూర్చుని ఊరికే వాయించుకున్నప్పుడు టేపుకెక్కిన ముక్క అది. పదిహేడేళ్లకు దాని చుట్టూ పాట కట్టారు. షాపులో ఎవరిదో పాత క్యాసెట్ చెరపబోతూ అందులో పోయినవాళ్ల గొంతు వినిపించి చెయ్యి ఆగిపోయిన రోజులు నాకూ ఉన్నాయి, అందుకేనేమో ఆ పాట దగ్గర కాసేపు లేవలేకపోయాను. మాటలు ఎక్కువగా గిల్మర్ భార్య పాలీ శామ్సన్ రాసింది. కూతురు రోమనీ ఒక పాట పాడి, హార్ప్ కూడా వాయించింది. నా లెక్కన ఆల్బమ్‌లో ఆ పిల్ల పాటే మేలు. సాహిత్యంలో వాటర్స్ పదును లేదు, ఆ మాట అంటే రేపు బండ్ మీద మళ్లీ గొడవే.

మీ వ్యాసంలో వీటిలో ఒక్కటైనా ఉంటే ఎంత బాగుండేది! ఇకమీద ఇలాంటి ఆల్బమ్ వచ్చినప్పుడు గొడవను ఒక పేరాలో ముగించి, మాటలెవరు రాశారు, వాయించిందెవరు, ఎక్కడ బాగుంది, ఎక్కడ విసుగొస్తుంది అన్నది రాయించండి. బాగాలేదని రాసినా మేం తట్టుకుంటాం. రాసేవాళ్లు లేరంటారా? నిట్‌లో, కాకతీయ యూనివర్సిటీలో అడిగి చూడండి. ఇక్కడి జానపద కళాకారులు విడిపోయి ఎవరికి వాళ్లు పాటలు తెస్తున్నప్పుడు కూడా మీ విలేకరులు ముందు ఆ పాటలు విని, తర్వాత ఫోన్ చేస్తే బాగుంటుంది. ఇప్పుడైతే మొదటి ప్రశ్నే ‘ఎందుకు విడిపోయారు’ అని ఉంటోంది.

ఇంకొక్క మాట. డ్రమ్మర్ నిక్ మేసన్ అని మీరు వేసిన ఫొటోలో ఉన్నది రిచర్డ్ రైట్. మేసన్ 2018లో సొంత బృందం పెట్టుకుని బ్యాండ్ తొలినాళ్ల పాటలు వాయిస్తున్నాడు. సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక పాత క్యాసెట్ షాపు యజమాని,
హనుమకొండ