వంశధార కంటే ముందే మా గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి

మాది శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో వంశధార ఏటి ఒడ్డు ఊరు. మొన్నటి వరదకి మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. అయినా మనుషులం, పశువులు, కాగితాలు అన్నీ క్షేమం. ఎవరి వల్లో అందరికీ చెప్పాలని రాస్తున్నాను. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు.

మొదటి దండం మా వీధి చివర లస్కర్ తాతకి. కాలవ గేట్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఆ రోజు మధ్యాహ్నం ఫెళ్ళున ఎండ కాస్తోంది, నేను బట్టలు ఆరేస్తున్నాను. తాత వచ్చి, "ఇక్కడ వాన లేదని కూర్చుంటే ఎలాగమ్మా? ఒడిశా కొండల్లో రెండ్రోజుల నుంచీ కొడతంది. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తితే రాత్రికి మనకి నీళ్ళొచ్చీస్తాయి" అన్నారు. 2018లో తిత్లీ తుఫాను అప్పుడూ అంతే. గాలి పోయింది, గండం గడిచింది అనుకున్నాక ఏరు పొంగింది.

మా ఆయన పని చెన్నైలో. ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, షుగరున్న మా అత్త, ఆవు, దూడ. టెన్షన్‌తో నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తాత మాత్రం తిన్నగా శాలలోకి వెళ్ళి పలుపులు విప్పారు. కట్టేసిన గొడ్డే ముందు పోతుందట. ఆవునీ దూడనీ మెరక మీద తన కళ్ళానికి తోలుకెళ్ళి, పైన తన టార్పాలినే కట్టారు.

ఎదురింటి అక్క కొడుకులిద్దరూ బియ్యం, విత్తనాల బస్తాలు అటకెక్కించారు. గ్యాస్ బండకి రెగ్యులేటర్ తీసి, బండని కిటికీ ఊచకి గొలుసుతో కట్టారు. ఇనప బండ నీళ్ళలో తేలుతుందని నాకు అప్పుడే తెలిసింది. అక్క నన్ను కూర్చోబెట్టి పట్టాదారు పాస్‌బుక్కు, ఆధార్లు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకాలు రెండు ప్లాస్టిక్ కవర్లలో ఒకదాని మీద ఒకటి చుట్టించింది. అన్నీ ఫోటోలు తీసి మా ఆయనకి పంపించింది. మెయిన్ ఆపిందీ తనే.

నా పెద్ద దిగులు అత్త ఇన్సులిన్. కరెంటు పోతే ఫ్రిజ్ ఎక్కడిది? మా నర్సమ్మ ఫోన్లోనే ధైర్యం చెప్పారు: వాడుతున్న సీసా వేడి తగలకుండా ఉంచితే మామూలుగా సుమారు 4 వారాలు ఆగుతుంది, కొత్త సీసాలు తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టండి అని. ఆ కుండ ఒళ్ళో పెట్టుకునే అత్త ఆటో ఎక్కింది. ఆ ఆటో తమ్ముడు చీకట్లో హైస్కూలుకి ఎన్ని ట్రిప్పులు వేశాడో! ఎవరి దగ్గరా రూపాయి ముట్టలేదు. స్కూల్లో వండిపెట్టిన అమ్మలందరికీ కూడా నా దండాలు.

తెల్లారగట్ల నీళ్ళొచ్చాయి. అప్పటికి మా ఇంట్లో ఎవరూ లేరు.

లస్కర్ తాత ఫోన్ చూడరు. ఆయన మనవడు ఇది చదివితే వినిపించమ్మా. దూడ బాగుంది, పాలు తాగుతోంది. టార్పాలిన్ ఉతికి ఆరేశాను, ఆదివారం తెచ్చి ఇస్తాను.